బేరమాడని మూగపిల్ల

పన్నెండు రంగాల నాటకంలో ఆ అమ్మాయికి ఒక్క మాటా లేదు. పక్కనే తల్లి గంటల తరబడి మాట్లాడుతూ ఉంటుంది. సరుకు పొగుడుతుంది, ధర తెగ్గొడుతుంది, సైనికులతో సరసమాడుతుంది, రాజునీ దేవుణ్నీ కలిపి దెప్పుతుంది. నాటకానికి పేరు కూడా తల్లిదే: ‘మదర్ కరేజ్ అండ్ హర్ చిల్డ్రన్’. అయినా చూసి వచ్చినవాళ్ల మనసులో నిలిచిపోయేది కూతురు కాట్రిన్. పశువుల కొట్టం కప్పు ఎక్కి, నిచ్చెన పైకి లాగేసుకుని, నిద్రలో ఉన్న ఊరిని లేపడానికి డోలు వాయించి, తుపాకీ గుండుకు ఒరిగిపోయిన పిల్ల.

యుద్ధాన్ని ఎదిరించే నాటకాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో పరుల కోసం ప్రాణాలిచ్చే స్త్రీలూ ఉన్నారు. కాట్రిన్ వాళ్లందరిలో వేరుగా నిలబడుతుంది. ఈ నాటకంలో అందరూ బేరమాడతారు. తల్లి ఆడుతుంది, సైన్యం ఆడుతుంది, పాదిరి ఆడతాడు, వంటవాడు ఆడతాడు, చివరికి దిక్కులేని రైతులు కూడా తమ ఎద్దుల కోసం పొరుగు ఊరి ప్రాణాలతో బేరం కుదుర్చుకుంటారు. ఆ బేరాలన్నీ వింటూ, వాటి ఖరీదు ఏమిటో సొంత ఒంటి మీద చూసుకుంటూ పెరిగి, తన వంతు వచ్చినప్పుడు బేరానికి ఒప్పుకోనిది కాట్రిన్ ఒక్కతే.

ఆమెను త్యాగదేవతగా పీఠమెక్కించి దండ వేస్తే ఈ సంగతి కనిపించకుండా పోతుంది. అందుకే ఆమె కథను మొదటినుంచీ చెప్పుకోవాలి.

లిడింగో దీవిలో

బెర్టోల్ట్ బ్రెహ్ట్ ఈ నాటకం రాసేనాటికి దేశం విడిచి ఆరేళ్లు దాటింది. 1933 ఫిబ్రవరి 27న బెర్లిన్‌లో జర్మన్ పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అతను జర్మనీ దాటేశాడు. డెన్మార్క్‌లో కొన్నేళ్లు తలదాచుకున్నాడు. హిట్లర్ చెయ్యి అక్కడికీ చాస్తాడని తోచి 1939 వసంతంలో స్వీడన్ చేరాడు. స్టాక్‌హోమ్ పక్కనున్న లిడింగో దీవిలో కాపురం. ఆ సెప్టెంబరు 1న జర్మన్ సేనలు పోలండ్‌లోకి దిగాయి. ఆ శరత్కాలంలోనే, కొద్ది వారాల్లో, అతని సహకారిణి మార్గరెటె స్టెఫిన్ తోడ్పాటుతో ఈ నాటకం మొదటి ప్రతి పూర్తయింది.

అప్పటి స్వీడన్ తటస్థ దేశం. యుద్ధంలో చేరలేదు. కానీ దాని గనుల్లోని ఇనుప ఖనిజం ఓడలకెక్కి జర్మనీకి పోతూనే ఉంది. యుద్ధం పొరుగింట్లో జరుగుతుంటే నాలుగు రాళ్లు సంపాదించుకుని క్షేమంగా బయటపడవచ్చు అనుకునేవాళ్లకు ఒక హెచ్చరికగా బ్రెహ్ట్ ఈ నాటకం రాశాడు. సైన్యం వెంట బండి లాక్కుంటూ, బ్రాందీ, బూట్లు, బెల్టు బిళ్లలు అమ్ముకునే ఆడమనిషి అతనికి 17వ శతాబ్దపు జర్మన్ రచయిత గ్రిమెల్స్‌హౌజెన్ దగ్గర దొరికింది. ఆ రచయిత 1670లో అచ్చువేసిన నవలలో ‘కరేజ్’ అనే పేరుంది, యుద్ధం వెంట తిరిగే జీవితమూ ఉంది. పిల్లలు మాత్రం లేరు. కాట్రిన్ పూర్తిగా బ్రెహ్ట్ కన్న బిడ్డ.

ఆమె మూగది కావడానికి ఒక ఇంటి కారణం కూడా చెబుతారు. బ్రెహ్ట్ భార్య హెలెనె వైగెల్ జర్మనీలో పేరు మోసిన నటి. ప్రవాసంలో ఆమెకు వేదిక పోయింది. భాష రాని దేశంలో నటికి పనేముంటుంది? మాటలే అక్కరలేని పాత్ర ఉంటే స్వీడిష్ నాటకంలో ఆమె కూడా నిలబడగలదు. తల్లి పాత్ర స్వీడిష్ నటి నైమా వీఫ్‌స్ట్రాండ్‌కు, మూగపిల్ల పాత్ర వైగెల్‌కు అని ఆలోచన. ఆ ప్రదర్శన జరగలేదు. ఊళ్లు దాటుతూ, దేశాలు దాటుతూ బ్రెహ్ట్ కుటుంబం ఫిన్లాండ్ మీదుగా అమెరికా చేరింది. స్టెఫిన్ దారిలోనే, 1941 జూన్‌లో మాస్కోలో క్షయతో చనిపోయింది. మిగిలింది ఆ మూగ పాత్ర. గొంతు పోగొట్టుకున్న ఒక నటి కోసం పుట్టిన ఆ మౌనం, గొంతు పోగొట్టుకున్న జనమందరిదీ అయింది.

బండి, తల్లి, ముగ్గురు పిల్లలు

కథాకాలం ముప్పైయేళ్ల యుద్ధం. 1618లో ప్రాగ్ నగరంలో రాజుకుని 1648లో వెస్ట్‌ఫేలియా ఒప్పందంతో ఆరింది. కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య మతయుద్ధమని పేరు. రానురాను అది రాజ్యాల యుద్ధమైంది, ఆపైన జీతాలందని సైన్యాలు ఊళ్ల మీద పడి బతకడమే యుద్ధమైంది. తుపాకీకి పోయినవాళ్లకన్నా కరువుకూ ప్లేగుకూ పోయినవాళ్లే ఎక్కువ. 1631 మేలో మగ్డెబుర్గ్ నగరం కాథలిక్ చక్రవర్తి సైన్యం చేతికి చిక్కినప్పుడు దాదాపు 20,000 మంది చనిపోయారు. నగరం మసి అయింది. ఆ పేరు ఐరోపా వాళ్లకు తరతరాలు పీడకలగా మిగిలింది. నాటకంలో కాట్రిన్ మొదటిసారి తల్లికి ఎదురు తిరిగేది ఆ మగ్డెబుర్గ్ దగ్గరే.

తల్లి అసలు పేరు అన్నా ఫియర్లింగ్. రీగా నగరం మీద ఫిరంగులు పేలుతుంటే బండి తోలుకుంటూ మధ్యలోంచి వెళ్లింది కాబట్టి ‘కరేజ్’ అని పేరొచ్చింది. ఎందుకు వెళ్లిందంటే బండిలో యాభై రొట్టెలు బూజు పడుతున్నాయి, అమ్మకపోతే మునిగిపోతుంది. ఆమె ధైర్యమంతా నష్టం వస్తుందన్న భయం. ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ తండ్రులు వేరు. పెద్దవాడు ఐలిఫ్ దూకుడు మనిషి. రెండోవాడు నిజాయితీపరుడు, స్విస్ చీజ్ అని పిలుస్తారు. మూడోది కాట్రిన్. చిన్నతనంలో ఒక సైనికుడు నోట్లో ఏదో కుక్కాడు, అప్పటినుంచీ మాట లేదు. తల్లి ఈ సంగతి ఒకచోట పైపైన చెప్పి వదిలేస్తుంది. ఆ పిల్ల మౌనం యుద్ధం చేసిన గాయమని మనకు తెలిసేది ఆ ఒక్క వాక్యంతోనే.

మొదటి రంగంలోనే తల్లి చీట్లు తీయిస్తుంది. చావు గుర్తున్న చీటీ ముగ్గురు పిల్లలకూ వస్తుంది. కాట్రిన్‌తో తల్లి అనే మాట ఒకటే: అంత మంచి మనసు పనికిరాదు, జాగ్రత్త. పిల్లల్ని సైన్యంలో చేరకుండా బెదరగొట్టాలని తల్లి వేసిన ఎత్తు అది. నాటకం ఆ ఎత్తునే నిజం చేస్తుంది.

ఎవరూ వినని కేకలు

కాట్రిన్ డోలు వాయించేది పదకొండో రంగంలో. కానీ ఆమె హెచ్చరిక మొదలయ్యేది మొదటి రంగంలో. సాధారణంగా ప్రేక్షకులు దీన్ని గమనించరు. గమనిస్తే నాటకమంతా మరోలా కనిపిస్తుంది.

1624 వసంతం, స్వీడన్‌లోని డాలార్నా. సైన్యంలోకి కుర్రాళ్లను పట్టుకునే ఇద్దరు బండిని ఆపుతారు. ఒకడు బెల్టు బిళ్ల కొంటానని తల్లిని బండి వెనక్కు తీసుకెళ్తాడు. రెండోవాడు ఐలిఫ్ భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోతుంటాడు. కాట్రిన్ చూసింది. బండి మీంచి దూకి గొంతులోంచి ఏవో బొంగురు శబ్దాలు చేస్తుంది. తల్లి వినిపించుకుంటుంది కూడా. కాస్త ఆగమంటుంది, ఇక్కడ డబ్బు లెక్క తేలుతోంది. లెక్క తేలేలోగా కొడుకు పోయాడు.

మూడో రంగంలో రెండోవాడి వంతు. స్విస్ చీజ్ దళం జీతాల పెట్టె చూసుకునే గుమాస్తా. కాథలిక్ సైన్యం విరుచుకుపడింది, వాళ్లంతా శత్రువు అధీనంలో ఉన్నారు. అతను పెట్టెను దాచాడు. తల్లి జెండా మార్చడానికి, అంటే కాథలిక్ జెండా కొనుక్కురావడానికి, బయటికి వెళ్లింది. ఒక కంటి మీద పట్టీ కట్టుకున్న గూఢచారి అక్కడ తిరుగుతున్నాడని కాట్రిన్ కనిపెట్టింది. అన్నకు చేతులతో చెబుతుంది, సైగలతో చెబుతుంది, అడ్డం తిరుగుతుంది. అతనికి అర్థం కాదు. చెల్లెలికి మాట రాదు పాపం అని జాలిపడి, పెట్టె తీసుకుని వెళ్లి పట్టుబడతాడు.

ఆ తర్వాత జరిగే బేరం ప్రపంచ నాటకంలోనే భరించలేని దృశ్యాల్లో ఒకటి. కొడుకు ప్రాణానికి 200 గిల్డర్లు అడుగుతారు. బండి తాకట్టు పెడితే ఆ సొమ్ము వస్తుంది. కానీ బండి పోతే రేపు తిండి ఎలా? తల్లి 120 ఇస్తానంటుంది. కబురు వెళ్తుంది, కబురు వస్తుంది. ఒప్పుకోలేదట. సరే, మొత్తం ఇస్తానంటుంది. అప్పటికి దూరంగా డోళ్లు మోగుతాయి. శిక్ష అమలైందని అర్థం. శవాన్ని తెచ్చి చూపిస్తే తల్లి ఎవరో తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాలి, లేకపోతే తననూ పట్టుకుంటారు. ఊపుతుంది.

1949 బెర్లిన్ ప్రదర్శనలో తల్లిగా వేసిన హెలెనె వైగెల్ ఆ డోళ్లు విన్న క్షణంలో నోరు పూర్తిగా తెరిచి, తల వెనక్కు వాల్చి, శబ్దం రాకుండా కేక పెట్టింది. ఆ ‘మౌనపు కేక’ ఛాయాచిత్రం రంగస్థల చరిత్రలో అందరికీ తెలిసినదే. నాకు మాత్రం అది కాట్రిన్ కథలో భాగంగానే కనిపిస్తుంది. నాటకమంతా నోరు మూయని తల్లికి ఆ ఒక్క చోట గొంతు పెగలదు. ఆ పక్కనే వెక్కివెక్కి ఏడుస్తున్న మూగపిల్ల గొంతు చివరికి ఊరంతా వినబడుతుంది. బ్రెహ్ట్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వ్యాఖ్యానం రాయలేదు. నాటకం కట్టిన తీరులోనే ఉంది.

ఆ డోళ్లను కూడా గుర్తుంచుకోవాలి. యుద్ధంలో డోలు సైన్యం సొత్తు. దండును కదిలించేది అది, మరణశిక్ష చాటేది అది. 1632లో సేనాపతి టిల్లీ శవయాత్రకు మోగేదీ అదే. సరిగ్గా ఆ శవయాత్ర రోజునే కాట్రిన్ పట్నం నుంచి సరుకు మోసుకొస్తూ నుదుటి మీద, కంటి మీద గాయంతో తిరిగొస్తుంది. దారిలో ఎవరో సైనికులు మీదపడ్డారు. సరుకు మాత్రం వదల్లేదు. ఆ మూటల్లో తోలు సామానుతో పాటు ఒక డోలు ఉంది.

ఎర్ర బూట్లు

కాట్రిన్‌కు కోరికలు లేవనుకుంటే పొరపాటు. ఆమె నిండా కోరికలే. సైన్యం వెంట ఒళ్లమ్ముకుని తిరిగే యివెట్ ఎర్ర బూట్లు ఎవరూ చూడనప్పుడు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ఆమెలాగే నడుము తిప్పుతూ నడుస్తుంది. కాథలిక్ సైన్యం వచ్చిపడుతుంటే కూడా ఆ బూట్లు విప్పదు. తల్లి గుప్పెడు బూడిద తీసి కూతురి మొహాన రుద్దుతుంది, అందంగా కనబడితే ఏమవుతుందో తల్లికి తెలుసు కనుక. ఆడపిల్లను కాపాడటానికి ఆమె మొహానికి మసి పూయాల్సిన కాలం అది. ఆ కాలం ఇంకా ఎన్నో చోట్ల పోలేదు.

శాంతి రాగానే పెళ్లి చేస్తానని తల్లి మాటిచ్చింది. అందుకే ఆ పిల్లకు శాంతి అంటే మొగుడు, ఇల్లు, పిల్లలు. యుద్ధం ఇప్పట్లో ఆగదని పాదిరి తేల్చి చెబితే, ఆ మాట నమ్మి తల్లి మరింత సరుకు కొనడానికి సిద్ధపడితే, కాట్రిన్ సీసాల బుట్టను నేలకేసి కొట్టి బయటికి పరిగెడుతుంది. ఆ రోజే నుదుటి గాయం. మచ్చ మిగిలిపోతుంది, ఇక మొగుడు దొరకడు. తల్లి కరిగిపోయి దాచిపెట్టిన ఎర్ర బూట్లు ఇస్తుంది. కాట్రిన్ వాటిని అక్కడే వదిలేసి బండిలోకి వెళ్లిపోతుంది. తల్లి ఆ క్షణాన యుద్ధాన్ని శపిస్తుంది. తర్వాతి రంగంలో, వ్యాపారం బాగుంది కనుక, అదే నోటితో యుద్ధాన్ని మెచ్చుకుంటుంది.

పిల్లలంటే ఆమెకు ప్రాణం. మగ్డెబుర్గ్ దగ్గర రైతు కుటుంబం గాయాలతో పడి ఉంటుంది. కట్లు కట్టడానికి గుడ్డ కావాలి. తల్లి దగ్గర అధికారుల చొక్కాలున్నాయి, ఖరీదైనవి. ఇవ్వనంటుంది. కాట్రిన్ చెక్క పలక ఎత్తి తల్లిని కొట్టబోతుంది. ఆపైన కూలుతున్న ఇంట్లోకి దూరి పసిబిడ్డను ఎత్తుకొస్తుంది. చేతుల్లో ఊపుతూ, మాట రాని గొంతుతో జోల లాంటిదేదో హమ్ చేస్తుంది. చొక్కాల కోసం కూతురు తల్లి మీద చెయ్యెత్తడం మొదటి ప్రతిలో ఇలా లేదు. అక్కడ తల్లే చొక్కాలు చించి ఇస్తుంది. తర్వాత బ్రెహ్ట్ మార్చాడు. ఆ మార్పుతో తల్లి కఠినమైంది, కూతురు ఎదిగింది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మాత్రం తొమ్మిదో రంగం. 1634, చలి, ఆకలి. బండి వెంట తిరిగే వంటవాడికి ఉట్రెక్ట్‌లో చిన్న పూటకూళ్ల ఇల్లు వారసత్వంగా వచ్చింది. తల్లిని రమ్మంటాడు. కూతురు మాత్రం వద్దంటాడు: ముగ్గురికి సరిపోదు, పైగా ఆ మచ్చల మొహాన్ని చూస్తే గిరాకీలు రారు. కాట్రిన్ వింది. మూట కట్టుకుంటుంది. వెళ్లేముందు వంటవాడి ప్యాంటునూ తల్లి పావడానూ పక్కపక్కన, తల్లికి కనబడేలా పెడుతుంది. మాట రాని మనిషి రాసిపెట్టి వెళ్లే ఉత్తరం అది: మీరిద్దరూ సుఖంగా ఉండండి, నేను అడ్డం రాను. తల్లి గిన్నెలో గంజి లాంటిది తెచ్చేసరికి కూతురు పట్టుబడుతుంది. తల్లి ఆమెను వదిలి వెళ్లదు. కానీ నీ కోసం కాదు, బండి కోసమే ఉండిపోయానని సర్దిచెబుతుంది. ప్రేమను ప్రేమ అని చెప్పుకోలేని స్థితికి యుద్ధం ఆ తల్లిని తెచ్చింది. ఆ రంగంలో తల్లి మీద కోపం నిలవదు. తల్లీకూతుళ్లిద్దరూ కలిసి మళ్లీ బండి లాగుతారు.

కప్పు మీద

1636 జనవరి, రాత్రి. హాలె నగరం బయట ఒక రైతు ఇల్లు. చక్రవర్తి సైన్యం నగరం మీద దొంగదెబ్బ తీయడానికి వచ్చింది. లోపల జనం నిద్రపోతున్నారు. తల్లి కూడా అక్కడే ఉంది. భయపడి పారిపోయేవాళ్లు సరుకు చవగ్గా అమ్ముతారని కొనడానికి వెళ్లింది. సైనికులు రైతు కొడుకును దారి చూపమంటారు. వాడు ససేమిరా అంటాడు. ఎద్దుల్ని చంపేస్తామంటే లొంగుతాడు. రైతు దంపతులు తమవల్ల ఏమీ కాదని నిర్ణయించుకుంటారు. మోకాళ్ల మీద పడి ప్రార్థన మొదలుపెడతారు. ఊళ్లో ఉన్న మరిది పిల్లలు నలుగురు, చిన్నదానికి రెండేళ్లు కూడా లేవు, వాళ్లను కాపాడు దేవుడా అని ఆ ఇల్లాలు ప్రార్థిస్తుంది.

కాట్రిన్‌ను కూడా ప్రార్థన చెయ్యమన్నారు. ఆమె ఆ పిల్లల మాట వింది. బండి దగ్గరికి వెళ్లి డోలు కొంగు చాటున పెట్టుకుని కప్పు ఎక్కింది. నిచ్చెన లాగేసుకుంది. వాయించడం మొదలుపెట్టింది.

ఇక్కడినుంచి సైనికులు ఆడేదంతా బేరమే. దిగిరా, నీ తల్లిని వదిలేస్తాం అంటారు. ఆమె వాయిస్తుంది. డోలు చప్పుడు వినబడకుండా ఇంకో చప్పుడు చెయ్యాలని కట్టెలు కొట్టిస్తారు. అది చాలదు. అప్పుడు బండిని బద్దలు కొట్టడం మొదలుపెడతారు. ఆ బండి వాళ్ల ఇల్లు, పొట్టకూడు, తల్లి జీవితం మొత్తం. ఒక్క కొడుకు ప్రాణం కోసం తల్లి వదులుకోవడానికి తటపటాయించిన బండి అది. కాట్రిన్ దాన్ని చూసి మూలుగుతుంది. అయినా చెయ్యి ఆగదు. ఆ మూలుగు అవసరం. అది లేకపోతే ఆమె మనిషి కాదు, బొమ్మ. మూలుగుతూనే వాయిస్తుంది. తుపాకీని ఊతకర్ర మీద నిలబెడతారు. ఆమె ఏడుస్తూ, ఉన్న శక్తంతా పెట్టి వాయిస్తుంది. కాల్చేస్తారు. చివరి దెబ్బలు బలహీనంగా పడుతుండగా నగరంలో ఫిరంగులు మోగుతాయి. ఊరు లేచింది.

ఆమె ధైర్యం ఏ ఉపదేశం వల్లా పుట్టలేదు. దేశం కోసం కాదు, మతం కోసం కాదు, పేరు కోసం కాదు. చిన్నదానికి రెండేళ్లు కూడా లేవన్న మాట చాలింది. భయమూ ఉంది. బతకాలనీ ఉంది. అందుకే ఏడుస్తూ వాయించింది.

యుద్ధ నాటకాల్లో చనిపోయే కన్యలు గ్రీకుల కాలం నుంచీ ఉన్నారు. యూరిపిడీస్ నాటకంలో ట్రాయ్ యుద్ధానికి ఓడలు కదలాలంటే ఇఫిజెనియా బలి కావాలి. ఆ పిల్ల మొదట తండ్రిని బతిమాలుతుంది, చివరికి దేశం కోసం సరేనంటుంది. ఆమె చావుతో యుద్ధం మొదలవుతుంది. మన పల్నాటి యుద్ధంలో మాంచాల బాలచంద్రుణ్ని దీవించి రణానికి సాగనంపుతుంది. ఆ స్త్రీల దుఃఖం నిజమే, వాళ్ల గొప్పతనమూ నిజమే. కానీ ఆ త్యాగం యుద్ధం చేతికి ఆయుధంగా అందింది. కాట్రిన్ త్యాగం యుద్ధానికి దక్కలేదు. ఆమె సైన్యం డోలునే తీసుకుని సైన్యానికి ఎదురుగా వాయించింది. కృష్ణరాయబారం పద్యాలకు రాత్రంతా మేలుకునే మన ప్రేక్షకులకు యుద్ధం అంటే శంఖాలు, రథాలు, ప్రతిజ్ఞలు. రథాల వెనక సరుకు బండి ఉంటుందని, దాన్ని లాగే ఆడపిల్ల ఉంటుందని ఈ నాటకం గుర్తుచేస్తుంది.

శిథిల నగరంలో కాట్రిన్

మొదటి ప్రదర్శన 1941 ఏప్రిల్ 19న, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో. తెరీజ్ గీజె తల్లి వేషం వేసింది. విమర్శకులు కళ్లు తుడుచుకున్నారు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి మహాదుఃఖం అని మెచ్చుకున్నారు. బ్రెహ్ట్‌కు ఆ మెప్పు రుచించలేదు. తల్లి మీద జాలితో ప్రేక్షకులు ఆమె చేసిన వ్యాపారాన్ని మరిచిపోతున్నారని అతని బాధ. బెర్లిన్ ప్రదర్శనకు కొన్ని చోట్ల తిరగరాశాడు. 

1949 జనవరి 11న బెర్లిన్‌లోని డాయ్చెస్ థియేటర్లో బ్రెహ్ట్, ఎరిక్ ఎంగెల్ కలిసి దర్శకత్వం వహించారు. పాల్ డెసావ్ సంగీతం. నగరం అప్పటికి ఇటుక దిబ్బలు, పశ్చిమ భాగం చుట్టూ దిగ్బంధం. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొడుకును పోగొట్టుకోని ఇల్లు తక్కువ. వైగెల్ ఇప్పుడు తల్లి. పదేళ్ల కింద ఆమె కోసం రాసిన మూగపిల్ల వేషం 26 ఏళ్ల అంగెలికా హుర్విచ్‌కు వచ్చింది. ఆ పాత్రతోనే ఆమె పేరు నిలిచింది. తల్లి వేషాన్ని వైగెల్ 400కు పైగా సార్లు వేసింది. 1954లో పారిస్ అంతర్జాతీయ నాటకోత్సవంలో ఈ ప్రదర్శనకు ప్రథమ బహుమతి వచ్చాక ప్రపంచమంతా బ్రెహ్ట్ వైపు చూసింది.

కాట్రిన్‌ను ఎలా వేయాలన్న దాని మీద బ్రెహ్ట్ చాలా శ్రద్ధ పెట్టాడు. ఆమెను మందబుద్ధిగా, మూగజీవంలా చూపించవద్దన్నాడు. తెలివైన పిల్ల, మాట మాత్రమే లేదు. మొదటి రంగంనుంచీ వీరవనితలా కనిపించవద్దన్నాడు. కప్పు మీద పూనకం వచ్చినట్టు ఊగిపోవద్దన్నాడు. వాయిస్తూ మధ్యమధ్య నగరంవైపు చూడాలి, లేచారా లేదా అని. పని చేస్తున్న మనిషి చూపు అది.

ఇంకో సంగతి ఉంది. ప్రేక్షకుడు పాత్రలో లీనమైపోకూడదు, దూరంగా ఉండి ఆలోచించాలి అని జీవితమంతా వాదించిన నాటకకర్త బ్రెహ్ట్. ఈ ఒక్క రంగం దగ్గర మాత్రం ఆ పట్టు సడలించాడు. ఇక్కడ ప్రేక్షకులు కాట్రిన్‌తో ఒకటైపోవచ్చునని, అలాంటి శక్తి తమలోనూ ఉందని సంతోషంగా గుర్తించవచ్చునని అతను రాసుకున్న ప్రదర్శన గమనికల్లో ఉంది. సిద్ధాంతాన్ని పక్కన పెట్టేంతగా అతన్ని కదిలించిన పాత్ర ఇదొక్కటే అని నా నమ్మకం.

మన దేశంలో ఈ నాటకం హిందీలో ‘హిమ్మత్ మాయి’ అయింది. నీలాభ్ అనువదించారు. కోల్‌కతాలో ఉషా గంగూలీ తన రంగకర్మీ బృందంతో వేశారు. బండి లాగే తల్లి మన రోడ్ల మీద పరాయిగా కనిపించదు. తెలుగులో ఎవరు తలపెట్టినా ముందుగా వెతుక్కోవాల్సింది తల్లి వేషానికి గొంతున్న నటిని కాదనుకుంటాను. రెండున్నర, మూడు గంటలు ఒక్క మాట లేకుండా, ప్రతి మాటనూ వింటున్నట్టు వేదిక మీద ఉండగల అమ్మాయిని వెతుక్కోవాలి. మిగతావాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె మొహంలో నాటకం నడవాలి.

చివరి రంగంలో తల్లి తిరిగొచ్చి కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, నిద్రపోతోందనుకుని జోల పాడుతుంది. చనిపోయిందని రైతులు చెబితే, మీ మరిది పిల్లల సంగతి దీనికి చెప్పకుండా ఉండాల్సింది అంటుంది. కూతురి మనసు ఆమెకు అంత బాగా తెలుసు. నువ్వు లాభం కోసం ఊళ్లోకి వెళ్లకపోతే బతికేదేమో అని రైతులు అంటారు. ఆ మాట ఆమె చెవికెక్కదు. పూడ్చడానికి డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది. వైగెల్ ఇక్కడ ఒక నాణెం తిరిగి సంచిలో వేసుకునేది. పెద్దకొడుకు ఐలిఫ్ ఇంకా బతికే ఉన్నాడని ఆమె ఆశ. వాణ్ని కూడా ఎప్పుడో చంపేశారు. ఒంటరిగా బండి లాక్కుంటూ దండు వెంట వెళ్తుంది. ఆ యుద్ధం ముగియడానికి ఇంకా పన్నెండేళ్లుంది.

తల్లి ఏమీ నేర్చుకోలేదని విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నారు. నిజమే. కానీ ఆ రాత్రి ఒక మనిషి నేర్చుకున్నాడు. ఎద్దుల కోసం సైన్యానికి దారి చూపడానికి ఒప్పుకున్న ఆ రైతు కొడుకు. బండిని బద్దలు కొడుతున్నప్పుడు కప్పు మీద కాట్రిన్ మూలిగిన ఆ క్షణంలో, వాయించు, ఆపకు అని అరిచింది వాడే. సైనికులు ఈటెతో వాణ్ని కింద పడగొట్టారు. నాటకంలో వాడికి పేరు కూడా లేదు. కాసేపటి కింద బేరానికి ఒప్పుకున్న ఒక పల్లెటూరి కుర్రవాడు, ఒక మూగపిల్ల చేస్తున్న పని చూసి, తన ప్రాణం సంగతి మరిచి గొంతెత్తాడు. ఈ నాటకం చూసే అవకాశం ఎప్పుడైనా వస్తే, అందరి కళ్లూ కప్పు మీదున్నప్పుడు, ఒకసారి కింద నిలబడ్డ ఆ కుర్రవాడి మొహం కూడా చూడండి.